వరస ఎప్పుడొస్తుంది?

పూర్వం సంబంధం మాట్లాడడానికి వెళ్ళిన పెద్దమనిషి అడిగే ప్రశ్నలు నాలుగే నాలుగు. గోత్రం ఏమిటి, కుర్రవాడు ఏం చదివాడు, జీతం ఎంత, వెనక పొలమో పుట్రో ఏమైనా ఉందా. ఈ నాలుగింటికీ జవాబు వస్తే తాంబూలాల దాకా వెళ్ళినట్టే. ఇప్పుడు అమెరికా సంబంధమైతే అయిదో ప్రశ్న ఒకటి చేరింది. అది తేలితే గాని మిగతా నాలుగూ అడగడం లేదు.

"అబ్బాయి ప్రయారిటీ డేటు ఎప్పుడండీ?"

మా వీధిలోనే ఒకరింట ఈ ప్రశ్న అడుగుతుంటే చెవులారా విన్నాను. పిల్లవాడి తండ్రి "రెండువేల పదమూడండీ" అన్నారు. పిల్ల తండ్రి మొహం చాటంత అయింది. లోపలినుంచి రెండో విడత కాఫీ కూడా వచ్చింది. రెండువేల పద్ధెనిమిది అని ఉంటే మొదటి కాఫీతోనే సరి. 2013 నాటి తేదీ గల కుర్రవాడికి ఈపాటికి ముప్పయ్యారో ముప్పయ్యేడో నిండి ఉంటాయన్న సంగతి ఆ సందడిలో ఎవరికీ తట్టలేదు.

ఈ ప్రయారిటీ డేటు ఏమిటి, పచ్చకార్డు ఏమిటి, డబ్బు పెడితే ఇస్తారట నిజమేనా అని అడుగుతూ ఈమధ్య ఉత్తరాలు ఎక్కువగా వస్తున్నాయి. రాసేవాళ్ళు కుర్రవాళ్ళు కారు, వాళ్ళకన్నీ కంఠతా వచ్చు. రాసేవాళ్ళంతా తల్లులూ తండ్రులూ తాతలూను. కాబట్టి ఈ వారం వాళ్ళ కోసం.

అమెరికాలో ఉద్యోగం చెయ్యడం వేరు, అక్కడ ఉండిపోవడం వేరు. ఉద్యోగానికి హెచ్-1బి అనే అనుమతి ఉంది. అది ఏడాదికి 65,000 మందికి, అక్కడి విశ్వవిద్యాలయాల్లో పై చదువు చదివిన మరో 20,000 మందికి. అడిగేవాళ్ళు అంతకు ఎన్నో రెట్లు గనక చీట్లు తీస్తారు. చీటీ వచ్చిన అదృష్టవంతుడికి మూడేళ్ళు, పొడిగిస్తే ఆరేళ్ళు. ఆ తరవాత మూటా ముల్లే సర్దుకోవలసిందే. ఈలోగా యజమాని తలుచుకుని, ఇతణ్ణి శాశ్వతంగా ఉంచుకుంటాను అని గవర్నమెంటుకు కాగితం పెడితే కథ మారుతుంది.

ఆ కాగితం పెట్టడానికి ముందు ఒక తతంగం ఉంది. ఈ ఉద్యోగానికి తగిన అమెరికా వాడు ఎవడూ దొరకలేదని యజమాని రుజువు చెయ్యాలి. అందుకని రెండు ఆదివారాలు పత్రికలో ప్రకటన వేయిస్తాడు. ఉద్యోగం ఖాళీ ఉంది, రండి అని ప్రకటన. ఎవరూ రాకుండా ఉంటే బాగుండునని ఇక్కడ చిలుకూరు బాలాజీ గుడిలో తల్లి ప్రదక్షిణలు. కోరిక చెప్పుకునేటప్పుడు పదకొండు, తీరాక నూట ఎనిమిది అని ఆ స్వామి దగ్గర లెక్క. హుండీ లేని దేవుడు. అంచేత ఈ మొత్తం వ్యవహారంలో రుసుము తీసుకోనివాడు ఆయన ఒక్కడే.

ఆ తతంగానికి దరఖాస్తు పడిన రోజే మనవాడి ప్రయారిటీ డేటు. అక్కడినుంచి అతను వరసలో నిలబడ్డట్టు లెక్క. తరవాతి మెట్టు ఐ-140 మంజూరైతే ఆరేళ్ళ గడువు అడ్డురాదు, వరస వచ్చేదాకా మూడేసి ఏళ్ళు పొడిగించుకుంటూ ఉండవచ్చు. నెలనెలా అక్కడి విదేశాంగ శాఖవారు ఒక బులెటిన్ వేస్తారు. ఫలానా దేశంలో పుట్టి, ఫలానా తరగతిలో ఉన్నవాళ్ళలో, ఫలానా తేదీకి ముందువాళ్ళు రావచ్చును అని. పంచాంగం కన్నా శ్రద్ధగా చదువుతారు దాన్ని. 2025 చివరలో చూస్తే మనవాళ్ళకు రెండో తరగతిలోనూ మూడో తరగతిలోనూ 2013 నాటి తేదీలే నడుస్తున్నాయి. కొన్ని నెలలు ఆ తేదీ అడుగు కదలదు. ఒక్కొక్కప్పుడు ముందుకు వెళ్ళింది కాస్తా వెనక్కి వస్తుంది. దానికి వాళ్ళు రెట్రోగ్రెషన్ అని పేరు పెట్టుకున్నారు. మన సిద్ధాంతులు గ్రహం వక్రించింది అంటారు. ఫలితం ఒకటే.

ఇంత ఆలస్యం ఎందుకంటే, లెక్క చూడండి. 1990 నాటి చట్టం ప్రకారం ఉద్యోగాల బాపతు పచ్చకార్డులు ఏడాదికి 1,40,000. ప్రపంచం మొత్తానికి. అందులో ఏ ఒక్క దేశంలో పుట్టినవాళ్ళకీ నూటికి ఏడుకు మించి ఇవ్వకూడదు. అంటే 9,800. ఇది అయిదు తరగతులకూ కలిపి. అందులో భార్యాబిడ్డలు కూడా లెక్కే. భార్యాభర్తలు ఇద్దరు, పిల్లలు ఇద్దరు అయితే నాలుగు కార్డులు ఖర్చు. మిగతా దేశాలవారు వాడుకోగా మిగిలినవి కొన్ని మనవాళ్ళకు దక్కుతుంటాయి గాని, వరసలో ఉన్నవాళ్ళు లక్షలలో ఉన్నారు. ఐస్లాండుకూ ఏడు శాతమే, మనకూ ఏడు శాతమే. ఐస్లాండు జనాభా మొత్తం కలిపితే మన గుంటూరు ఊరంత కూడా ఉండదు.

పైగా ఇక్కడ దేశం అంటే పౌరసత్వం కాదు, పుట్టిన గడ్డ. ఈ ఒక్క మాటలో ఎన్ని చమత్కారాలున్నాయో చెప్పలేను. కడప జిల్లానుంచి కువైట్ వెళ్ళి కొన్నేళ్ళు పనిచేసి వచ్చిన ఒక కుటుంబం నాకు తెలుసు. పెద్దవాడు ఇక్కడ పుట్టాడు, చిన్నవాడు కువైట్‌లో పుట్టాడు. ఇద్దరూ ఒకే కాలేజీ, ఇద్దరూ ఇంజనీర్లే, ఇద్దరూ అమెరికా వెళ్ళారు. తమ్ముడు కువైట్ వరసలో నిలబడ్డాడు. అక్కడ మనుషులే లేరు. రెండేళ్ళు తిరక్కుండా కార్డు చేతికొచ్చింది. అన్న ఇంకా నిలబడే ఉన్నాడు. కువైట్ వాళ్ళు ఆ చిన్నవాడికి పౌరసత్వం ఇవ్వలేదు సరిగదా, తండ్రి ఉద్యోగం పోయిన నెలలోనే పంపించేశారు. అయినా ఆ పురిటిగది ఇన్నేళ్ళకు అక్కరకొచ్చింది. పెళ్ళాం వేరే దేశంలో పుట్టి ఉంటే ఆమె వరసలోకి మొగుడు మారవచ్చుననే వెసులుబాటు కూడా ఉంది. జాతకంలో పుట్టిన నక్షత్రంతో పాటు పుట్టిన దేశం కూడా చూడవలసిన రోజులన్నమాట.

అసలు ఈ ఏడు శాతం ఏదో మనమీద కక్షతో పెట్టింది కాదు. 1923లో భగత్ సింగ్ థిండ్ అనే పంజాబీ, మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసినవాడు, పౌరసత్వం కోసం సుప్రీంకోర్టు దాకా వెళితే, నువ్వు తెల్లవాడివి కావు పొమ్మన్నారు. 1946లో దయతలచి ఏడాదికి వందమంది భారతీయులు రావచ్చునన్నారు. వంద! మన ఎర్రబస్సులు రెండు నిండితే సరి. 1965 అక్టోబరు 3న ప్రెసిడెంటు జాన్సన్ ఆ స్వేచ్ఛాదేవి విగ్రహం పాదాల దగ్గర కూర్చుని కొత్త చట్టం మీద సంతకం పెట్టాక, ఏ దేశంవాడైనా సమానమే అన్న పద్ధతి వచ్చింది. మన డాక్టర్లూ ఇంజనీర్లూ వెళ్ళింది ఆ తలుపులోంచే. ఆ సమానత్వం పుణ్యమే ఈ ఏడు శాతం కూడాను. పెద్ద దేశానికీ చిన్న దేశానికీ ఒకటే విస్తరి వేశారు.

వరసలో ఉన్నవాళ్ళు ఊరికే ఉన్నారా అంటే, 2007లో ఒక ముచ్చట జరిగింది. ఆ జూలై బులెటిన్‌లో ఉన్నట్టుండి అందరి తేదీలూ వచ్చేశాయని వేశారు. జనం పెళ్ళివారిలా పరుగులు పెట్టి వైద్య పరీక్షలు చేయించుకుని, కాగితాలు కట్టకట్టి పంపించేసరికి, జూలై 2వ తేదీన అబ్బే లేదు, కార్డులు అయిపోయాయి అన్నారు. మనవాళ్ళు కేకలు వెయ్యలేదు. అంతకు ముందు ఏడే వచ్చిన మున్నాభాయి సినిమా గుర్తుందేమో, గాంధీగారి దారిలో ఆ శాఖ డైరెక్టరుగారికి వందలకొద్దీ పూలగుత్తులు పంపారు. ఆయన వాటిని గాయపడ్డ సైనికులున్న ఆస్పత్రులకు పంపించేశారు. పూలు వృథా కాలేదు. అదే నెల 17న శాఖవారు మెత్తబడి ఆగస్టు 17 దాకా దరఖాస్తులు తీసుకుంటామన్నారు. ఆ నెలరోజుల్లో కాగితం లోపల పడినవాళ్ళు ఇప్పటికీ ఆ సంగతి కథలుగా చెప్పుకుంటారు.

అన్నీ ఇలా పూలతో పోలేదు. 2017 ఫిబ్రవరిలో కాన్సాస్ రాష్ట్రంలోని ఒలాతే అనే ఊళ్ళో, హైదరాబాదునుంచి వెళ్ళిన ఒక ఇంజనీరును ఉన్మాది ఒకడు తుపాకీతో కాల్చి చంపాడు. మా దేశంలోంచి పొమ్మంటూ కాల్చాడు. ఆ సంగతి అందరికీ తెలుసు. భర్త కన్ను మూసిన క్షణంలోనే ఆ భార్యకు అక్కడ ఉండే హక్కు పోయిందన్న సంగతి చాలామందికి తెలియదు. ఆమె అనుమతి అతని అనుమతికి ముడిపెట్టి ఉంది మరి. అంత్యక్రియలకు ఇక్కడికి వచ్చిన మనిషి తిరిగి తన ఇంటికి తాను వెళ్ళడానికి అక్కడి కాంగ్రెసు సభ్యుడు ఒకాయన కలుగజేసుకోవలసి వచ్చింది. పిల్లనిచ్చేవారు ప్రయారిటీ డేటుతో పాటు ఇది కూడా తెలుసుకుని ఉండడం మంచిది.

ఇక డబ్బు సంగతి.

మా పై వీధిలో ఒక రిటైర్డు హెడ్మాస్టరుగారున్నారు. లెక్కల మేష్టారు. ఆయన కొడుకు టెక్సాస్‌లో ఉంటాడు, తేదీ 2016. కొడుక్కి ఇద్దరు పిల్లలు. పెద్దది ఆడపిల్ల, పదహారేళ్ళు. కాన్పు హైదరాబాదులో జరిగింది. చిన్నవాడు డల్లాస్‌లో పుట్టాడు. అంటే ఒకే ఇంట్లో తమ్ముడు అమెరికా పౌరుడు, అక్క పరాయి దేశస్థురాలు. రెండో ఏట వెళ్ళిన పిల్ల, ఆ ఊరు తప్ప మరో ఊరు ఎరగదు. ఇరవై ఒకటి నిండగానే ఆ పిల్ల చట్టం దృష్టిలో పిల్ల కాకుండా పోతుంది. తండ్రి వరసలోంచి జారిపోతుంది. స్టూడెంటు వీసా తెచ్చుకుని పరదేశపు విద్యార్థిలా చదువుకోవాలి, లేకపోతే బయలుదేరాలి. 2002లో పిల్లల వయస్సు లెక్కించడంలో కొంత సడలింపు ఇచ్చారు గాని, తండ్రి వంతు దగ్గరికి వచ్చినవాళ్ళకే అది ఉపయోగం.

హెడ్మాస్టరుగారు ఒక సాయంత్రం చేతిలో రంగురంగుల పుస్తకంతో వచ్చారు. ఒక ఏజెంటు ఇచ్చాడట. "నువ్వు కాస్త ఇవి చదివేవాడివి గదా, చూసి చెప్పవోయ్. శంకరపల్లి దగ్గర రెండెకరాలు అమ్మేస్తే మనవరాలికి దారి దొరుకుతుందంటున్నాడు" అన్నారు.

అది ఈబీ-5 అనే తరగతి. పెట్టుబడి పెట్టి పదిమందికి ఉద్యోగాలు కల్పిస్తే పెట్టినవాడికీ, భార్యకూ, ఇరవై ఒకటి నిండని పిల్లలకూ పచ్చకార్డు. మొదట రెండేళ్ళు షరతు మీద, ఉద్యోగాలు నిజంగా వచ్చాయని తేలాక స్థిరంగా. 1990లో పెట్టినప్పుడు పది లక్షల డాలర్లు, వెనకబడ్డ ప్రాంతమైతే అయిదు లక్షలు. 2022 మార్చిలో వాటిని పదిన్నర లక్షలూ, ఎనిమిది లక్షలూ చేశారు. పల్లె ప్రాంతాలకూ, నిరుద్యోగం హెచ్చుగా ఉన్నచోట్లకూ కొన్ని కార్డులు విడిగా అట్టే పెట్టారు. ఆ ప్రత్యేకపు వరసలో 2025 చివరిదాకా మనవాళ్ళకూ అడ్డు లేదు. అందులో కాగితం పడ్డాక, అది తేలేదాకా పిల్ల వయస్సు పెరిగినా లెక్కలోకి రాదు. కాబట్టి ఏజెంటు చెప్పింది అబద్ధం కాదు. ఆ మాట హెడ్మాస్టరుగారికి ముందే చెప్పాను.

"మరి ఎనిమిది లక్షల డాలర్లంటే?" అన్నారు.

"ఏడు కోట్ల చిల్లర. ఏజెంట్ల రుసుములూ వకీళ్ళ ఫీజులూ వేరే."

"ఎకరం నాలుగు కోట్లకు అడుగుతున్నారోయ్. సరిపోతుంది."

"రిజిస్ట్రేషను ఎంతకు చేయిస్తానంటున్నాడు?"

ఆయన కాసేపు మాట్లాడలేదు. "కోటికి. మిగతాది చేతికిస్తానంటున్నాడు" అన్నారు చివరికి.

చిక్కంతా అక్కడే ఉంది. అమెరికా ఆఫీసరు డబ్బు చూసి ఊరుకోడు, డబ్బు నడిచిన దారి చూస్తాడు. పట్టాదారు పాసుపుస్తకం, అమ్మకపు దస్తావేజు, బ్యాంకు పద్దు, ఆదాయపు పన్ను కాగితం, అన్నీ ఒకదానికొకటి అతకాలి. దస్తావేజులో రెండు కోట్లుంటే ఆయన దృష్టిలో పొలం విలువ రెండు కోట్లే. సంచిలో వచ్చిన ఆరు కోట్లు సముద్రం దాటవు. మన భూముల బేరాల్లో తెలుపెంత నలుపెంత అన్న పాత అలవాటు ఇలాంటప్పుడు మెడకు చుట్టుకుంటుంది.

పోనీ అంతా తెల్లగానే అమ్మారనుకుందాం. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం ఇక్కడినుంచి మనిషికి ఆర్థిక సంవత్సరానికి రెండున్నర లక్షల డాలర్లకు మించి పంపకూడదు. మేష్టారూ, మేష్టారమ్మా కలిసి మార్చి నెలాఖరుకు అయిదు లక్షలు, ఏప్రిల్ రాగానే మిగతాది పంపితే పంపవచ్చు. దారి ఉంది. అసలు సంగతి ఆ తరవాతది. ఈ పెట్టుబడికి హామీ ఉండకూడదని చట్టమే అంటోంది. సొమ్ము నష్టపోయే అవకాశం ఉంటేనే అది పెట్టుబడి. తిరిగి ఇచ్చితీరుతాం అని కాగితం రాసిస్తే దరఖాస్తే చెల్లదు. వెర్మాంటు రాష్ట్రంలో జే పీక్ అనే మంచుకొండ విడిది పేరు చెప్పి ఇలాంటి సొమ్ము కోట్ల డాలర్లు వసూలు చేశారు. 2016లో అక్కడి సెక్యూరిటీల సంఘం అందులో ఇరవై కోట్ల డాలర్లు దారి మళ్ళించారని కేసు పెట్టింది. 2022లో నిర్వాహకులకు జైలు శిక్షలు పడ్డాయి. పెట్టినవాళ్ళు అంతా మనబోటి వాళ్ళే, ఎక్కడెక్కడి దేశాలనుంచో బిడ్డల కోసం పెట్టినవాళ్ళు.

నా అభిప్రాయం దాచుకోలేదు. "ఇది మిగులు డబ్బున్నవాడి ఆట మేష్టారూ. పోయినా నిద్రపట్టేవాడు ఆడాలి. మీకున్నది ఆ రెండెకరాలూ పింఛనూను" అన్నాను.

"పిల్ల సంగతో?" అన్నారు.

దానికి నా దగ్గర జవాబు లేదు. పుస్తకంలోనూ లేదు.

ఇంతకన్నా ఖరీదైన దారి కూడా ఒకటి తెరిచారు. 2025 సెప్టెంబరు 19న అక్కడి ప్రెసిడెంటు బంగారు కార్డు అని ఒక ఉత్తర్వు వేశారు. పది లక్షల డాలర్లు గవర్నమెంటుకు కానుకగా సమర్పించాలి. పెట్టుబడి కాదు, కానుక. హుండీలో వేసినట్టే, తిరిగి రాదు. తమాషా ఏమిటంటే ఆ కార్డులు ఇచ్చేది కూడా పాత మొదటి, రెండో తరగతుల వాటాల్లోంచే. మనవాళ్ళకు ఆ రెండూ ముందే కిక్కిరిసి ఉన్నాయి. తిరుమలలో మూడువందల రూపాయల టికెట్టు కొన్నవాణ్ణి తీసుకెళ్ళి సర్వదర్శనం కంపార్టుమెంటులో కూర్చోబెట్టినట్టుంటుంది. అదే రోజున మరో ఉత్తర్వు, బయటి దేశంనుంచి కొత్తగా హెచ్-1బి మీద మనిషిని తెచ్చుకోవాలంటే యజమాని లక్ష డాలర్లు కట్టాలని. అమీర్‌పేట వీధుల్లో ఆ వారం ఎవరి మొహం చూసినా అదే మాట.

నెల తిరక్కుండా హెడ్మాస్టరుగారు మళ్ళీ వచ్చారు. ఈసారి రంగుల పుస్తకం లేదు, ఒక తెల్లకాగితం మీద అంకెలున్నాయి. మనవరాలు ఫోనులో చెబితే ఆయన రాసుకున్నారట. ఇంట్లో పెద్దవాళ్ళు తన గురించే గుసగుసలాడుతున్నారని ఆ పిల్లకు ఎప్పుడో తెలుసు. తన దారి తానే వెతుక్కుంది. "తాతయ్యా, పొలం అమ్మకు. కెనడాలో మార్కులు వేస్తారు" అందట.

నిజమే. పరదేశం వాళ్ళకు మార్కులు వేసి తీసుకునే పద్ధతి కెనడా 1967లోనే పెట్టింది. 2015 జనవరి నుంచి దాన్ని ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ అంటున్నారు. మొత్తం 1,200 మార్కులు. చదువుకు ఇన్ని, భాషకు ఇన్ని, పనిచేసిన అనుభవానికి ఇన్ని. పుట్టిన దేశం ఏదని అడగరు. వయస్సుకు ఇరవైనుంచి ఇరవై తొమ్మిది దాకా నిండు మార్కులు, అక్కడినుంచి ఏటేటా తగ్గి నలభై అయిదుకు సున్న. అక్కడ చదివి, అక్కడే కొన్నాళ్ళు పనిచేస్తే ఇంకా కలుస్తాయి. "క్యూ అంటే నాకు తెలియదు గాని, మార్కులంటే తెలుసోయ్" అని మేష్టారు సంతోషపడ్డారు. నలభై ఏళ్ళు మార్కులు వేసిన చెయ్యి. మనవరాలి తరఫున మూడు రకాలుగా కూడి చూశారు. 2024లో 4,85,000 మందిని రానిద్దామనుకున్న కెనడా 2025కు దాన్ని 3,95,000కు తగ్గించిందని నేను అన్నాను. ఆయన వినిపించుకోలేదు. చదువు ఖర్చుకు పింఛనులోంచి ఎంత పంపగలనా అని పక్కన ఇంకో లెక్క వేసుకుంటున్నారు. ప్రస్తుతానికి పొలం అలాగే ఉంది. కొంటానన్నవాడు మాత్రం రోజూ ఫోను చేస్తున్నాడట.

చివరగా ఒక ఉత్తరం. కోరుట్లనుంచి ఒక చెల్లెలు రాసింది. భర్త ఇరవై రెండేళ్ళుగా దుబాయిలో ఒకే కంపెనీలో తాపీపని చేస్తున్నాడు. ఇన్నేళ్ళున్నవాడికి అమెరికా పచ్చకార్డు లాంటిది అక్కడ ఇవ్వరా, ఇస్తే మేమూ వెళ్ళి ఉండవచ్చునా అని అడిగింది.

అమ్మా, అక్కడ గోల్డెన్ వీసా అని 2019నుంచి ఒకటి ఇస్తున్నారు. పదేళ్ళ నివాసం. ఇరవై లక్షల దిర్హాముల ఆస్తి కొన్నవాళ్ళకూ, పెద్ద జీతం వచ్చే డాక్టర్లూ ఇంజనీర్ల వంటివాళ్ళకూ అది. ఎన్నేళ్ళు కష్టపడ్డాడన్నది అందులో లెక్కకు రాదు. తాపీమేస్త్రీకి రాదు. అయితే ఇరవై రెండేళ్ళ సర్వీసుకు అక్కడి చట్టం మరోటి ఇస్తుంది, అది అడిగి తీసుకోవాలి. పని మానేసి వచ్చేటప్పుడు మొదటి అయిదేళ్ళకు ఏడాదికి ఇరవై ఒక్క రోజుల మూలవేతనం, ఆ తరవాత ప్రతి ఏడాదికీ ముప్పై రోజులది. మొత్తం రెండేళ్ళ జీతానికి మించకూడదు. మీ ఆయనకు 615 రోజుల మూలవేతనం అవుతుంది. ఈసారి సెలవుకు వచ్చేటప్పుడు పని ఒప్పందం కాగితం నకలు తెచ్చి ఇంట్లో పెట్టమను. అందులో మూలవేతనం ఎంతని రాసి ఉందో చూసి నాకు రాయి.